బొమ్మల కథల్లో స్వలింగ ప్రేమ: చూపు ఎవరిది, పత్రిక ఎవరిది?

ఆ మధ్య ఒక సాహిత్య పాఠశాలలో పాత్రచిత్రణ గురించి మాట్లాడుతూ అమెరికన్ కామిక్ స్ట్రిప్పులను ఉదాహరణగా తీసుకున్నాను. ఒక మిత్రుడు లేచి, స్వలింగ ప్రేమ పెట్టుబడిదారీ సమాజపు కుళ్లులో పుట్టిన జబ్బు అనీ, దాన్ని బొమ్మల కథల్లోకి తేవడమంటే పిల్లల మనసులు చెడగొట్టడమేననీ అన్నాడు. చాలామంది తలలూపారు. ఆయన నిజాయితీ గల మనిషి, కార్మికుల మధ్య ఏళ్లతరబడి పనిచేసినవాడు. అందుకే ఆ మాటను కొట్టిపారెయ్యకుండా, అది ఇంతకుముందు ఎవరి నోట వచ్చిందో, ఫలితం ఏమైందో చూడాలనిపించింది.

డాక్టర్ ఫ్రెడ్రిక్ వెర్తమ్ జర్మనీలో పుట్టి అమెరికాలో స్థిరపడిన మానసిక వైద్యుడు. 1946లో న్యూయార్క్ హార్లెంలో, ఒక చర్చి నేలమాళిగలో, నల్లజాతి పేదల కోసం వైద్యశాల తెరిచాడు. ఫీజు పావు డాలరు. దానికి పెట్టిన పేరు మార్క్సు అల్లుడు పాల్ లఫార్గ్‌ది. స్థాపనలో తోడ్పడినవాడు రచయిత రిచర్డ్ రైట్. తెల్లపిల్లలకూ నల్లపిల్లలకూ వేరువేరు బడులు పెట్టడం పిల్లల మనసులను ఎలా దెబ్బతీస్తుందో వెర్తమ్ డెలావేర్ కోర్టులో సాక్ష్యం చెప్పాడు. 1954లో అమెరికా సుప్రీంకోర్టు ఆ వివక్షను రాజ్యాంగ విరుద్ధమని తేల్చిన కేసుల్లో డెలావేర్ కేసు కూడా ఒకటి. ఇంతకంటే మనవాడు ఎవరుంటారు?

అదే 1954లో ఆయన పుస్తకం 'సెడక్షన్ ఆఫ్ ది ఇన్నోసెంట్' అచ్చయింది. నెత్తురూ నేరాలూ నింపి పిల్లలకు అమ్ముకునే వ్యాపారం మీద ఆయన కోపంలో న్యాయం లేకపోలేదు. కాని బాట్‌మన్, రాబిన్ ఒకే ఇంట్లో ఉండడాన్ని స్వలింగ ప్రేమికుల కోరిక తీరే కలగా వ్యాఖ్యానించి, దాన్ని కూడా ఆ నేరాల జాబితాలోనే చేర్చాడు. ఆ ఏడాదే ప్రచురణకర్తలు ప్రభుత్వం కలగజేసుకోకముందే తమకు తామే ఒక కోడ్ రాసుకున్నారు. 'లైంగిక వికృతి' సూచనగా కూడా కనిపించకూడదని అందులో పెట్టారు. 1989 సవరణ దాకా, అంటే 35 ఏళ్లు, ఆ కోడ్ ముద్ర కావలసిన పుస్తకాల్లో అలాంటి మనుషులు పేరుపెట్టి కనిపించలేదు. పెద్ద కంపెనీల వ్యాపారం మాత్రం ఆగలేదు.

2012లో కరోల్ టిల్లీ అనే పరిశోధకురాలు వెర్తమ్ కాగితాలు పరిశీలించి, ఆయన కుర్రవాళ్ల మాటలను మార్చాడనీ, కలిపాడనీ, కత్తిరించాడనీ చూపింది. బాట్‌మన్ గురించి చెప్పినట్టు పుస్తకంలో కనిపించే ఒక యువకుడు నిజానికి ఇద్దరు. ఇద్దరూ ప్రేమించుకుంటున్నవాళ్లు. తమకు టార్జాన్, సబ్‌మారినర్ ఇంకా బాగా నచ్చాయని వాళ్లు చెప్పిన మాట పుస్తకంలోకి రానేలేదు. పేదల డాక్టరు తన ఎదుట కూర్చున్న ఇద్దరు మనుషులను కలిపి ఒక రోగాన్ని తయారుచేశాడు.

వెర్తమ్‌కు నలభై ఏళ్ల ముందే ఈ విషయాన్ని రోగం ఊసు లేకుండా గీసినవాడు ఒకడున్నాడు. జార్జ్ హెరిమన్ 1913 నుంచి 1944లో చనిపోయేదాకా గీసిన 'క్రేజీ కాట్' కథ నాలుగు ముక్కల్లో చెప్పొచ్చు. పిల్లి ఎలుకను ప్రేమిస్తుంది. ఎలుక పిల్లి తలమీద ఇటుక విసురుతుంది. పిల్లి ఆ దెబ్బను ప్రేమ కబురుగా తీసుకుంటుంది. పిల్లి మీద మనసున్న కుక్క పోలీసు ఎలుకను జైల్లో పెడతాడు. ఇంతే కథ, ముప్పై ఏళ్లు. పిల్లి ఆడదా మగదా? ఒకరోజు ఆడ, ఒకరోజు మగ. అడిగినవాళ్లకు హెరిమన్ ఏదీ తేల్చి చెప్పలేదు. (దీన్ని తెలుగు చెయ్యబోతే మన వ్యాకరణమే అడ్డుపడుతుంది. మనకు పిల్లీ 'వచ్చింది', ఆడమనిషీ 'వచ్చింది'. 'వచ్చాడు' అన్నచోట తప్ప మన పాఠకుడు ఉలిక్కిపడడు. ఆటలో సగం అక్కడే పోతుంది.)

హెరిమన్ 1880లో న్యూ ఆర్లియన్స్‌లో పుట్టాడు. పుట్టుక రికార్డులో 'రంగుజాతి' అని ఉంది. బతికింది మాత్రం తెల్లవాడుగా. ఈ సంగతి 1971 దాకా బయటపడలేదు. కాగితం మీది ఒక్క మాట ఏ బడిలో చదవాలో, ఎవరిని పెళ్లాడాలో తేల్చే దేశంలో, ఆ మాటను దాచుకుని బతికినవాడు గీసిన పిల్లి ఇది. ఒక స్ట్రిప్‌లో క్రేజీ అలంకరణ దుకాణానికి వెళ్లి తెల్లగా మారి వస్తే ఎలుక ప్రేమలో పడిపోతుంది. అసలు సంగతి తెలియగానే మళ్లీ ఇటుక. రంగూ లింగమూ రెండూ ఇతరులు అంటించే చీటీలేనని ఇంత తేలిగ్గా చెప్పిన రచన నాకు మరొకటి గుర్తురావడం లేదు. అయితే ఇది నిలిచింది పాఠకుల బలం మీద కాదు. పత్రికల యజమాని హర్స్ట్‌కు ఇష్టం, అందుకని నడిచింది. దొర మనసు మారితే పిల్లి బతుకు ఏమయ్యేదో!

తర్వాతి దినపత్రికల స్ట్రిప్పుల్లో గ్యారీ ట్రూడో 'డూన్స్‌బరీ' 1976లో ఆండీ లిపిన్‌కాట్‌ను తెచ్చింది. 1990లో అతను ఎయిడ్స్‌తో చనిపోతాడు. కెనడా చిత్రకారిణి లిన్ జాన్‌స్టన్ 'ఫర్ బెటర్ ఆర్ ఫర్ వర్స్'లో 1993లో లారెన్స్ తాను మగవాళ్లనే ప్రేమిస్తానని తల్లికి చెబుతాడు. సవతి తండ్రి ఇంట్లోంచి పొమ్మంటాడు. తర్వాత వెతికి తెచ్చుకుంటారు. కొన్ని పత్రికలు ఆ వారాలు వేరే స్ట్రిప్ వేసుకున్నాయి, కొన్ని శాశ్వతంగా మానేశాయి. ఈ స్ట్రిప్‌లో పాత్రలకు నిజం మనుషుల్లాగే ఏళ్లు మీదపడతాయి. లారెన్స్‌ను పొరుగింటి పిల్లవాడుగా ఏళ్లతరబడి చూసిన పాఠకుడు ఇప్పుడు అతన్ని పరాయివాడనలేడు. జాన్‌స్టన్ విజయం ఇదే. పరిమితి కూడా అక్కడే ఉంది. కథంతా 'వీణ్ణి ఇంట్లోకి రానిస్తారా' అన్న ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. గుమ్మంలో నిలబడ్డవాడికి మాట తక్కువ, లోపలున్నవాళ్ల కన్నీళ్లకు చోటు ఎక్కువ. దళిత పాత్రను అగ్రవర్ణ కథానాయకుడి హృదయ పరివర్తన కోసం వాడుకున్న మన కథల్ని చదివినవాళ్లకు ఈ నిర్మాణం కొత్త కాదు.

అలిసన్ బెక్డల్ ఆ గుమ్మాన్నే తీసేసింది. 'డైక్స్ టు వాచ్ అవుట్ ఫర్' 1983లో 'విమెన్యూస్' అనే న్యూయార్క్ స్త్రీవాద పత్రికలో మొదలై, స్వలింగ ప్రేమికులూ స్త్రీవాదులూ నడుపుకునే చిన్న పత్రికల్లో 2008 దాకా సాగింది. ఇందులో మో పుస్తకాల షాపులో పనిచేస్తుంది. క్లారిస్ లాయరు. వీళ్లు ఎన్నికల గురించి, యుద్ధాల గురించి, పిల్లల పెంపకం గురించి తగాదాలాడుకుంటారు. మో సణుగుడు చూస్తే మన సభల్లో ప్రతి తీర్మానానికీ సవరణ ప్రతిపాదించే మిత్రులు గుర్తొస్తారు. ఎవరూ ఎవరి క్షమాపణా కోరరు. పెద్ద గొలుసు దుకాణాల పోటీకి ఆ పుస్తకాల షాపు మూతపడుతుంది. స్వలింగ ప్రేమ వర్గపోరాటానికి బయటి విషయమన్నవాళ్లు ఆ భాగం చదవాలి. లోపం లేదని కాదు. తెలిసినవాళ్లు తెలిసినవాళ్ల కోసం మాట్లాడుకునే ఇరుకుతనం కొన్నిచోట్ల విసిగిస్తుంది. కాని ఆ ఇరుకు పత్రికే లేకపోతే మో పుట్టేది కాదు.

మన వారపత్రికల కార్టూన్లలో నడుము తిప్పే మగవాడూ చప్పట్లు కొట్టే హిజ్రా తరతరాలుగా నవ్వుల సరుకు. అప్పడాల కర్ర పట్టిన భార్య బొమ్మలో పురుషాధిక్యతను పట్టుకున్న మన విమర్శ, వీటి దగ్గరకొచ్చేసరికి పేజీ తిప్పింది. నేను కూడా తిప్పాను. 2014లో హిజ్రాల గుర్తింపు మీద, 2018లో 377 సెక్షన్ మీద మన సుప్రీంకోర్టు తీర్పులు ఇచ్చింది. ప్రగతిశీల విమర్శ కోర్టు కన్నా వెనకబడిందని ఒప్పుకోవడం నాకేమీ సంతోషంగా లేదు.

ఇదంతా చెప్పాక పాఠశాల మిత్రుడు కాసేపు ఊరుకుని, "ఆ డాక్టరు మంచివాడేగా?" అన్నాడు. మంచివాడే. నా ఇబ్బంది అదే.