ఫ్లోరైడ్ పండ్లే గదా!

నల్లగొండలో ఎవరి పన్ను మీద మచ్చ కనబడ్డా కారణం అడిగే పని లేదు. ‘ఫ్లోరైడ్’ అనేస్తాం. అట్లా అనే హక్కు మాకు ఊరికే రాలేదు. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు, చండూరు వైపు తరాల తరబడి జనం బోరునీళ్లతో పాటు గ్రానైటు రాయిలోంచి దిగిన ఫ్లోరైడ్‌నూ తాగారు. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఇక్కడి చాలా బోర్లు ఆ గీతను ఎన్నడో దాటేశాయి. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నీళ్ల కోసం నిరసనగా నామినేషన్లు వేస్తే, నల్లగొండ బరిలో 480 మంది తేలారు. బ్యాలెట్ పేపరు కాస్తా పుస్తకమైంది. శివన్నగూడెం అంశల స్వామి వంకర తిరిగిన తన ఒంటినే సాక్ష్యంగా చూపిస్తూ ఢిల్లీ దాకా పోయారు. 2023 జనవరిలో కన్నుమూశారు. పటిక, సున్నం కలిపి నీళ్లలోని ఫ్లోరైడ్‌ను తేర్చే పద్ధతికి నాగపూర్‌లోని ‘నీరి’ సంస్థ శాస్త్రవేత్తలు ‘నల్లగొండ టెక్నిక్’ అని పేరు పెట్టారు. ఆ పేరు టాంజానియా, ఇథియోపియాల దాకా పోయింది. మా ఊరు ఇంకో మంచి కారణంతో అంతదూరం పోతే బాగుండేదని నాకు అప్పుడప్పుడు అనిపిస్తుంది.

ఇంత కొట్లాటలోనూ అందరి కళ్లూ ఎముకల మీదే. న్యాయమే. వంగిన నడుము నొస్తుంది, కూచుంటే లేవనియ్యదు. కానీ సాక్ష్యం ముందు చెప్పింది పన్ను. పాలపళ్ల కింద, దవడ లోపల అసలు పళ్లు తయారవుతున్నప్పుడే నీళ్లలోని ఫ్లోరైడ్ పింగాణీ పొరను చెడగొడుతుంది. ముందరి పళ్లకైతే మొదటి మూడేళ్లే కీలకం. మిగతా వాటి పని ఎనిమిదేళ్లు వచ్చేసరికి దాదాపు అయిపోతుంది. ఆ తర్వాత ఎన్ని బిందెలు తాగినా కొత్తగా ఆ మచ్చ పడదు. అంటే పన్ను బయటికి రాకముందే, పిల్లకు ఏ నొప్పీ తెలియకముందే, జరగాల్సింది జరిగిపోయింది. నొప్పి రాకముందే చూసుకోవాలన్న సంగతి ఈ గడ్డ మీద చెప్పాల్సిన అవసరమే ఉండొద్దు నిజానికి.

ఉంది. మర్రిగూడ వైపు ఒక సర్కారు బడిలో పళ్ల డాక్టరమ్మ పిల్లల నోళ్లు చూస్తుంటే పక్కన నిలబడ్డాను. నాలుగో తరగతి పాప. తల్లి ముందే చెప్పేసింది: “ఏం నొప్పి లేదు మేడం. ఫ్లోరైడ్ పండ్లు. మా దిక్కు అందరికి గంతే గదా.” డాక్టరమ్మ టార్చి వేసి, పాప పైపెదవిని బొటనవేలితో లేపి నన్ను చూడమంది. ఒక్క నోట్లో మూడు రంగులు. ముందరి పళ్ల మీద అడ్డంగా గోధుమరంగు చారలు, కుడివైపు ఎట్లానో ఎడమవైపూ అట్లానే. అది ఫ్లోరైడ్. చిగురు అంచున పసుపుపచ్చగా, గోటితో గీకినా రానంత గట్టిగా పేరుకున్నది గార. ఇక దవడ చివర, కింది పన్ను నడుమ సన్నటి గాడిలో నల్లటి చుక్క. “ఇదీ ఫ్లోరైడేనా?” అన్నాను. “కాదు, పుచ్చు. ఇప్పుడు ఆవగింజంత. ఇయ్యాల్టికి చిన్న ఫిల్లింగుతో పోతది.”

ఇదీ నా గొడవ. మూడు వేరువేరు సంగతులకు ఒకటే పేరు పెట్టుకున్నాం. మొదటిది పాత గాయం, నొప్పి పెట్టదు. రెండోది తీయిస్తే పోతుంది. మూడోది పోనిస్తే పన్నునే తింటుంది. ఫ్లోరైడ్ అనే ముసుగు కింద పుచ్చు హాయిగా దాక్కుంటున్నది. పైగా ఫ్లోరైడ్ బాగా కొట్టి గుంటలు పడ్డ పన్ను పుచ్చకుండా ఉంటుందన్న భరోసా ఏమీ లేదు. ఆ గుంటల్లోనే తిండి ఇరుక్కుంటుంది. మచ్చ పోవాలని బొగ్గుతోనో ఇటుక పొడితోనో తోమితే మచ్చ పోదు, పన్ను అరుగుతుంది.

ఆ పాప పన్ను ఏదో తెలుసా? ఆరేళ్ల దంతం. పాలపళ్లేవీ ఊడకుండానే వాటి వెనకాల నిశ్శబ్దంగా వస్తుంది కాబట్టి, తల్లిదండ్రులు అదీ పాలపన్నే అనుకుంటారు. “ఊడిపోయేదే గదా” అని వదిలేస్తారు. అది ఊడిపోయేది కాదు, చచ్చేదాకా నమలాల్సిన పన్ను. దాని నెత్తిన లోతైన గాళ్లు ఉంటాయి, బ్రష్షు కుచ్చు అందులోకి దిగదు. వచ్చిన కొత్తలోనే ఆ గాళ్లను పూడ్చే సీలెంటు పూత వేయించుకోవచ్చు. సూది లేదు, డ్రిల్లు లేదు.

పింగాణీకి నరం లేదు. అందుకే పుచ్చు పైపొరను తింటున్నంత కాలం మనకు తెలియదు. దాని కిందికి దిగాక చల్లనీళ్లకు జివ్వుమంటుంది. గుజ్జు దాకా పోయాక రాత్రి నిద్ర పట్టదు. అప్పుడు లవంగం, ఆర్‌ఎంపీ దగ్గర రెండు గోలీలు. నాలుగు రోజులకు నొప్పి తగ్గుతుంది, “మంచిగైంది” అనుకుంటాం. చాలాసార్లు మంచిగై కాదు, లోపలి నరం చచ్చి తగ్గుతుంది. చీము మాత్రం తన పని తాను చేసుకుంటూ ఉంటుంది. కోస్గి, మక్తల్, నారాయణపేట వైపు నుంచి బొంబాయి, పుణె పనులకు పోయే పాలమూరు కూలీకి ఇది ఇంకా కష్టం. సైటు మీద దవడ వాస్తే మేస్త్రీ సెలవివ్వడు. గోలీ మింగి, బుగ్గన అంబార్ పొగాకు పెట్టుకుని తట్ట ఎత్తుకుంటాడు. ఆ అంబార్ పెట్టిన చోట తెల్లమచ్చ లేస్తే, అదీ నొయ్యదు. నోటి క్యాన్సర్‌కు ముందు వచ్చే మచ్చల్లో అదొకటి.

ఇప్పుడు నీళ్లు మారాయి. 2015లో చౌటుప్పల్‌లో పైలాన్ లేపి మొదలుపెట్టిన మిషన్ భగీరథతో కృష్ణా నీళ్లు మా ఇండ్లలోకి వచ్చాయి. కొందరు ఇంకా ఆర్‌వో క్యాన్లే కొంటారు, అది వేరే కథ. బోరు పోయింది, దాని వెనకే ఐదు రూపాయల బిస్కెట్ ప్యాకెట్టు వచ్చింది. గంటకో బిస్కెట్టు నమిలే పిల్ల నోట్లో పులుపు తగ్గే సందే ఉండదు, లాలాజలం ఎంతని కడుగుతుంది? ఫ్లోరైడ్ పేస్టంటే మాత్రం మా దగ్గర ఇంకా భయం. అమెరికాలోని కొలరాడోలో పళ్ల మీది గోధుమ మచ్చల గుట్టు వెతుకుతూ పోయినవాళ్లే, 1931లో కారణం ఫ్లోరైడని తేలకముందే, ఆ మచ్చల పళ్లు తక్కువ పుచ్చుతున్నాయనీ గమనించారు. గుట్టంతా మోతాదులో ఉంది. మూడేళ్లలోపు పిల్లకు బియ్యపు గింజంత, ఆరేళ్లలోపు బఠాణీ గింజంత పేస్టు. మింగకుండా ఉమ్మేయాలి. పెద్దలు పక్కనుండి తోమించాలి. యాప పుల్లతో నాకు పేచీ లేదు. రాత్రి పడుకునే ముందు కూడా తోముకుంటే.

గార తీయిస్తే పళ్లు కదులుతాయనే మాట చదువుకున్నవాళ్ల నోటా వింటాను. కదిలించింది గారే. ఎముకను కరిగించి, సందుల్లో తనే అతుక్కుని కూచుంది. తీశాక ఆ సందు బయటపడుతుంది. పైపన్ను పీకితే చూపు పోతుందనే దానికి జవాబు రాసి జాగా దండగ చేయను.

అయితే మర్రిగూడ తల్లి అడిగిన ప్రశ్నను అట్లా తీసెయ్యలేను. “నొప్పి లేనిదానికి కూలి పోగొట్టుకుని నల్లగొండ దాకా ఎట్ల పోవాలె సార్?” నార్కట్‌పల్లిలో దంత కళాశాల ఉంది, మహబూబ్‌నగర్‌లోనూ ఉంది. ఉన్నా బస్సు ఖర్చు, ఒక రోజు కూలి ఆమెవే. ఈ లెక్క తెలియనట్టు నటించి ‘ఆరు నెలలకోసారి డాక్టరును కలవండి’ అని రాయడం నాకు చేతకాదు. ఆమెకు చెప్పగలిగింది ఒకటే. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద డాక్టర్ల బృందం అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు, బడికి ఒకసారి రావాలి. వాళ్లు చూడాల్సిన జాబితాలో పళ్లూ ఉన్నాయి. ఎప్పుడొస్తారో టీచరును అడిగి పెట్టుకుని, ఆ రోజు పిల్లను పత్తి ఏరడానికి తీసుకుపోకుండా బడికి పంపమన్నాను. “ఫ్లోరైడ్ పండ్లే” అని ముందే చెప్పొద్దనీ, దవడ చివరి పన్ను చూడమని అడగమనీ అన్నాను.