కెమేరా కన్నును, కళాకారుని చూపును

ఛాయాచిత్రకళ యందు నేడొక వివాదము ప్రబలియున్నది. కెమేరా తనంత తానే ఎదుటి మనుష్యుని కన్నును వెదకి పట్టుకొని, ఆతడు కదలినను విడువక ఫోకస్ నిలుపగల నేర్పు కొన్నియేండ్లుగా యంత్రములకు అలవడినది. పక్షుల కన్నులను, మృగముల కన్నులను గుర్తింపగల కెమేరాలును అంగళ్లలో నున్నవి. ఇట్టి యంత్రము లేనివాడు చిత్రకారుడే కాడని ఒక పక్షము. ఇవి యెల్ల సోమరుల యాటవస్తువులని మఱియొక పక్షము. ఇందు సత్యమెంత యని విచారించుట వినోదమాత్రము కాదు. అప్పు చేసి కెమేరా కొను కుటుంబము లనేకములు గలవు గావున ఇది గృహస్థుల ప్రశ్నము కూడ.

మొదట చరిత్రము చూతము. ఆటోఫోకస్ గల కెమేరా బజారున విరివిగా అమ్మకమునకు వచ్చినది 1977లో. అది కొనికా సి35 ఏఎఫ్. లెన్సులు మార్చుకొను తరగతి కెమేరాలలో ఈ సదుపాయమును ప్రచారమునకు తెచ్చినది 1985 నాటి మినోల్టా 7000. అంతకు పూర్వము నూటనలువదియేండ్లకు పైగా మనుష్యుని వ్రేళ్లే ఫోకస్ కుదిర్చినవి. ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాను ఆస్థానమున నుండిన రాజా దీన్‌దయాళు (1844–1905) నల్లగుడ్డ క్రింద తలదూర్చి, గరుకుటద్దముపై తలక్రిందుగా కనబడు బింబమును చూచుచు పని చేసిన కాలమువాడు. ఆయన గాజుపలకలలో 2,857 నేడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమున భద్రముగా నున్నవి. ఘోషాస్త్రీల చిత్రములకై 1892లో హైదరాబాదున ఆయన నెలకొల్పిన జనానా స్టూడియోను ఒక ఆంగ్లస్త్రీ నిర్వహించెను.

1984లో పాకిస్తానమునందలి శరణార్థి శిబిరమున అమెరికను చిత్రకారుడు స్టీవ్ మెక్‌కరీ అఫ్గన్ బాలిక యొకతె చిత్రమును తీసెను. మఱుసటి యేట జూనులో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక ముఖపత్రముపై వెలువడి అది లోకప్రసిద్ధమయ్యెను. చిత్రమునకు ప్రాణమంతయు ఆ బాలిక కన్నులలో నున్నది. అవి నిశితముగా, స్పష్టముగా నున్నవి. తీసిన యంత్రము నికాన్ ఎఫ్ఎమ్2. చేతితో ఫోకస్ త్రిప్పవలసినది. కన్నును వెదకు విద్య యంత్రమునకు రాకపూర్వమే మనుష్యునకు వచ్చియుండెననుటకు ఈ యొక్క చిత్రము చాలును. ఐనను 2002లో ఆమెను మరల వెదకి కనుగొనువఱకు ఆమె పేరు చిత్రకారునకు తెలియదు. కన్నులు కుదిరినవి, పేరడుగుట తప్పినది. ఎదుటి మనుష్యునియెడ శ్రద్ధ ఏ యంగడిలోను దొరకదు.

చేతితో ఫోకస్ చేయువారు ప్రతిక్షణము తంటాలు పడుదురనుకొనుటయు సరికాదు. 35 మిల్లీమీటర్ల లెన్సును ఎఫ్ 8 వద్ద ఉంచి, ఫోకస్సును ఐదు మీటర్ల దూరమున నిలిపినచో, సాధారణ ఫిల్ముపై సుమారు రెండున్నర మీటర్లు మొదలు దిగంతము వఱకు కంటి కానునంత స్పష్టముగా పడును. ఇక వీథిలో త్రిప్పవలసినది లేదు, చూడవలసినదే మిగులును. 1932లో పారిస్ నగరమున సాఁ లాజార్ స్టేషను వెనుక నీటిమడుగును దాటబోవు మనుష్యుని హెన్రీ కార్టియర్ బ్రెసన్ చేతికెమేరాతో పట్టెను. దుమికిన రూపము కొంచెము చెదరియే యున్నది. కాని మడమ నీటిని తాకబోవు క్షణము, క్రింద ప్రతిబింబము, వెనుక ప్రకటనపత్రములో అదే భంగిమతో ఎగురు నర్తకి, ఈ మూటిని కూర్చిన చూపులో చెదరుదల లేదు.

ఇంతమాత్రమున క్రొత్త సదుపాయములు నిరర్థకములని తీర్పు చెప్పరాదు. 85 మిల్లీమీటర్ల లెన్సును ఎఫ్ 1.4 వద్ద తెఱచి రెండు మీటర్ల దూరపు ముఖమును తీయునపుడు స్పష్టముగా నుండు లోతు నాలుగైదు సెంటీమీటర్లే. కన్ను కుదిరిన చెవి మసకబారును. తలంబ్రాలు పోయు క్షణము మరల రాదు. కొల్లేటిపై పక్షి రెక్క విప్పినపుడు వ్రేళ్లు వెనుకబడును. చూపు మందగించినవారి సంగతి చెప్పనేల? ఇట్టివారికి ఆటోఫోకస్ విలాసము కాదు. కంటియద్దముల వంటి ఊత.

మమ్మటుడు కావ్యప్రకాశమున శక్తి, నైపుణ్యము, అభ్యాసము మూడును కలసియే కావ్యహేతువనెను. గంటపు వాడిమి యందు లెక్కకు రాలేదు. గంటము మొద్దైనచో వ్రాత సాగదు, నిజమే. వాడియైనంతమాత్రమున శ్లోకము పుట్టదు. యంత్రము కన్నును పట్టును; ఎవరి కన్నును పట్టవలెనో నిర్ణయించువాడు మనుష్యుడు. అప్పగింతల వేళ వధువు వెనుక నిలిచి కన్నీరు తుడుచుకొను తల్లియే యా క్షణమున ముఖ్యమని కెమేరాకు తెలియునా?

నా పూర్వశిష్యుడొకడు పెండ్లిచిత్రముల వృత్తిలో నున్నాడు. తన కెమేరా పాతబడినదని, తల్లి నగలు కుదువబెట్టి క్రొత్తది కొనదలచి నాయొద్దకు వచ్చెను. చెడిన చిత్రములను తెమ్మంటిని. ఫోకస్ తప్పినవి కొన్నియే. ముఖముపై వెలుతురు పడనివి, దీపస్తంభము తలపై మొలచినట్లున్నవి, క్షణము దాటిన పిదప తీసినవి పెక్కు. నగలు ఇంటనే నిలిచినవి.

కావున గృహస్థులకు నా మనవి యిది. పిల్లలు క్రొత్త కెమేరా కోరినపుడు కాదని కసరుటయు, అప్పు చేసి తెచ్చుటయు రెండును తొందరపాటులే. చెడిన నూఱు చిత్రములను ఎదుట పఱపించి, ఏది ఏ దోషమువలన చెడినదో వారిచేతనే వ్రాయింపుడు. ఫోకస్ దోషము పెక్కింట కనబడి, చేయు పని పక్షులదియో, ఆటలదియో, పెండ్లిండ్లదియో యైనచో కొనిపెట్టుడు. ఆ వ్యయము వ్యర్థము కాదు. లేనిచో ఆ ద్రవ్యముతో మేలైన చిత్రముల పుస్తకములు కొనుడు, నాలుగూళ్లు త్రిప్పి చూపుడు. ఈ కొలత కొడుకునకెట్లో కూతునకును అట్లే.