పంక్చరయితే నాయకుడే రావాలా?

మన కథల్లో నాయిక ఎక్కిన సైకిలు పంక్చరవడానికి మేకులూ ముళ్ళూ అక్కర్లేదు. రెండో ప్రకరణం దాటినా నాయకుడింకా కనపడకపోతే చాలు, టైరులో గాలి తనంతట తానే పోతుంది. అమ్మాయి ఓణీ సర్దుకుంటూ రోడ్డు పక్కన నిలబడుతుంది. అతనొస్తాడు. సైకిలు నడిపించుకుంటూ మాటలు మొదలవుతాయి. ఆ పంక్చరు చివరికి ఎవరు వేశారో, ఎలా వేశారో ఎవరూ అడగరు. సినిమాల్లోనూ ఇదే వరస.

ప్రేమకథలు రాసేదాన్నే కనక ప్రేమ మీద నాకేం కోపం లేదు. ఆ పని కథలోకి రాకుండా పోవడమే నా ఫిర్యాదు. ఎంత చక్కని పనో, విజయవాడలో మా వీధి చివరి సైకిలు షాపతను నేర్పితే తెలిసింది. టైరు అంచు ఎత్తి, ట్యూబు బయటికి లాగి, గాలి కొట్టి, నీళ్ళ బేసినులో కొంచెం కొంచెంగా ముంచుతూ పోతే ఒకచోట బుడగలొస్తాయి. అక్కడ గుర్తు పెట్టి, తడి తుడిచి, గాలి తీసేసి, ఉప్పుకాగితంతో రుద్ది, సొల్యూషను పలచగా రాయాలి. రాయగానే అతుకు వేస్తే నిలవదు. తడి ఆరి, వేలికి జిగటగా తగిలేదాకా ఆగాలి. పాకం పదును చూసే చేతులకి ఈ ఓపిక కొత్తదా, చెప్పండి?

"అతుకు ఎవరైనా వేస్తారమ్మా, టైరులో ముల్లు తియ్యడమే మర్చిపోతారు" అన్నాడతను. నిజమే, లోపల తడిమి ముల్లు తియ్యకుండా బిగిస్తే వీధి దాటకుండానే మళ్ళీ బుస్సుమంటుంది. మన కుటుంబ నవలలు చాలావాటికి ఇదే జబ్బు. ఆఖరి పేజీలో భర్త క్షమాపణ అడుగుతాడు, భార్య కళ్ళు తుడుచుకుంటుంది, ముల్లు మాత్రం టైరులోనే ఉంటుంది.

ఇదంతా వేళాకోళానికి అనడం లేదు. కృష్ణా డెల్టాలో ఎన్నో ఊళ్ళకీ హైస్కూళ్ళకీ మధ్య కాలవ గట్లున్నాయి, గట్ల మీద తుమ్మచెట్లున్నాయి. 2019కి ముందు కొన్నేళ్ళు 'బడికొస్తా' పథకం కింద ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం హైస్కూలు అమ్మాయిలకి సైకిళ్ళు ఇచ్చింది. మంచి పనే. కానీ ఆ సైకిలు ముల్లు గుచ్చుకుని వసారాలో చేరితే, అన్నయ్యకి తీరిక దొరికేదాకా ఆ పిల్ల చదువూ వసారాలోనే. అక్కడికి ఏ నాయకుడూ రాడు.

ఈ సంగతి అమెరికాలో మరియా వార్డు ఏనాడో గ్రహించింది. 1896లో ఆడవాళ్ళ కోసం సైకిలు పుస్తకం రాస్తూ, అందులో 'స్త్రీలూ - పనిముట్లూ' అని ఒక ప్రకరణమే పెట్టింది. డన్‌లప్ గాలి టైరు పుట్టి (1888) అప్పటికి ఎనిమిదేళ్ళే! మన నాయికలు వీణ వాయిస్తారు, కార్లు నడుపుతారు, ఆఫీసులు ఏలతారు. ఇంతవరకూ వచ్చినవాళ్ళు చేతికి కాస్త మసి అంటించుకోవడానికి ఎందుకు వెనకాడాలి?

నాయకుణ్ణి రావద్దనడం లేదు. వచ్చేసరికి అమ్మాయి ట్యూబు బిగించేసి గాలి కొట్టుకుంటూ ఉండాలంతే. కావాలంటే కాసేపు పంపు అతని చేతికిస్తుంది. మాటలు అప్పుడు మొదలైతే మాత్రం కథకి వచ్చే లోటేముంది?