పర్యవేక్షకుల ఎంపిక: కొలమానాల పునఃపరిశీలన

కీలకపదాలు: పరిశోధన, పర్యవేక్షణ, జానపద సాహిత్యం, చేనేత, దుబ్బాక.

1. ప్రవేశిక

సిద్దిపేట జిల్లాలోని దుబ్బాక చేనేతకు పేరున్న ఊరు. అక్కడ మగ్గం చప్పుడు వింటూ పెరిగిన విద్యార్థి ఒకరు తెలుగులో ఎం.ఏ. ముగించి, పద్మశాలీలకు కులపురాణం వినిపించే కూనపులివారిపై పరిశోధించదలచారనుకుందాం. వారికి ముందుగా ఎదురయ్యే ప్రశ్న 'ఏ అంశం?' కాదు, 'ఎవరి దగ్గర?' అన్నది. దీనికి మనం సాధారణంగా చెప్పుకునే సమాధానాలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. నిబంధన - ఆచరణ

యు.జి.సి. 2022 నిబంధనల ప్రకారం ఆచార్యులు 8 మందికి, సహ ఆచార్యులు 6 మందికి, సహాయ ఆచార్యులు 4 మందికి మించి పిహెచ్.డి. పర్యవేక్షణ చేయరాదు. కేటాయింపులో ఖాళీలను, పర్యవేక్షకుల ప్రత్యేక విషయాన్ని, విద్యార్థి ఆసక్తిని చూడాలని 2016 నిబంధనలు పేర్కొన్నాయి. ఆచరణలో మొదటి రెండే నిలుస్తున్నాయి. ఖాళీ ఉన్నచోటికి విద్యార్థి చేరుతారు. అక్కడి ప్రత్యేకతకు తగినట్టు అంశం మారుతుంది. కూనపులివారి కథాగానం పక్కకు తొలగి, ఎవరో ఒక నవలాకారుని రచనల 'సమగ్ర పరిశీలన' ఆ స్థానంలోకి వస్తుంది.

3. పూర్వ నిదర్శనం

ప్రత్యేక విషయం కలవడమే ప్రధానమా? బిరుదురాజు రామరాజు ఉస్మానియా విశ్వవిద్యాలయంలో జానపద గేయ సాహిత్యంపై పరిశోధించి 1956లో డాక్టరేట్ పొందారు. పర్యవేక్షకులు ఖండవల్లి లక్ష్మీరంజనం ప్రధానంగా సాహిత్యచరిత్ర, ఆంధ్రుల చరిత్ర-సంస్కృతులపై కృషి చేసినవారు. గురువు కృషి గ్రంథాలలో, శిష్యుని సామగ్రి జనుల నోళ్లలో ఉన్నా ఆ పరిశోధన తెలుగు జానపద అధ్యయనానికి పునాది అయింది. పర్యవేక్షకులకు అంశంపై పూర్ణాధికారం కంటె, ఆధారాన్ని పరీక్షించే క్రమశిక్షణ, శిష్యుని ప్రశ్నను నిలవనిచ్చే ఔదార్యం ముఖ్యమని దీనినిబట్టి భావించవచ్చు.

అయితే విషయపరిచయం లేకపోవడాన్ని గుణంగా ఎంచరాదు. తమకు తెలియనిచోట తెలిసినవారి దగ్గరికి శిష్యుని పంపగలగాలి. 1971లో వెలువడిన భద్రిరాజు కృష్ణమూర్తి 'చేనేత పదకోశం'కు మూలాధారం నేతపనివారి మాటే. దుబ్బాక విద్యార్థికి నేతకారులు కూడా గురువులే.

4. ఉపసంహారం

కీర్తి, పదవి, ఖాళీ పర్యవేక్షకుల ఎంపికకు చాలిన కొలమానాలు కావు. వారి పర్యవేక్షణలో వెలువడిన రెండు మూడు సిద్ధాంతగ్రంథాలను విద్యార్థి ముందుగా చదవాలి. అన్నింటా అవే అధ్యాయాలుండి కవుల పేర్లు మాత్రమే మారితే, అక్కడ తన ప్రశ్నకు చోటు దొరకడం కష్టమని గ్రహించాలి. శాఖలు కూడా మౌఖిక పరీక్షలో విద్యార్థి చెప్పిన ఆసక్తిని లాంఛనంగా కాక, కేటాయింపుకు తొలి ప్రాతిపదికగా స్వీకరించాలి.