అరువు పాట, సొంత గొంతు

రేజ్ అగైన్‌స్ట్ ది మెషీన్ చివరి స్టూడియో ఆల్బమ్ ‘రెనెగేడ్స్’లో ఉన్న 12 పాటల్లో ఒక్కటీ వాళ్లు రాసింది కాదు. 2000 డిసెంబర్‌లో అది విడుదలయ్యేనాటికే గాయకుడు జాక్ డె లా రోచా బ్యాండ్ నుంచి తప్పుకున్నాడు. అందుకే కొందరు దీన్ని మిగతా మూడు ఆల్బమ్‌ల సరసన కూర్చోబెట్టరు. నేను కూర్చోబెడతాను. ఇంకొకరి పాట పాడటం ఎంత పెద్ద విద్యో నాకు నేర్పింది ఈ ఆల్బమే.

అసలు పాటనూ వీళ్ల పాటనూ వెంటవెంటనే వినడం నాకు అలవాటు. బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ 1995లో ‘ది ఘోస్ట్ ఆఫ్ టామ్ జోడ్’ను అకూస్టిక్ గిటార్‌తో, హార్మోనికాతో, దాదాపు తనలో తాను చెప్పుకుంటున్నట్టు పాడాడు. స్టైన్‌బెక్ నవలలోని నిర్వాసితుడు టామ్ జోడ్ అందులో నీడలా కదులుతాడు. రేజ్ చేతిలో ఆ పాట వీధికెక్కింది. టామ్ మోరెల్లో గిటార్ రిఫ్ భారంగా, మొండిగా తిరిగి తిరిగి వస్తుంటే స్ప్రింగ్‌స్టీన్ దిగమింగిన కోపం బయటపడుతుంది. ‘బ్యూటిఫుల్ వరల్డ్’ది దీనికి పూర్తిగా ఎదురుదారి. 1981లో డీవో బృందం సింథసైజర్ల హుషారుతో కట్టిన ఆ పాటను వీళ్లు బాగా నెమ్మదించి, మెత్తటి గిటార్ మీద తగ్గు గొంతుతో పాడారు. హుషారు వెనకున్న చేదు అప్పుడు తెలుస్తుంది.

గట్టి పాటను మెత్తబరచడం, మెత్తటి పాటను గట్టిపరచడం గారడీ కోసం చేసిన పని కాదు. మొదటి గాయకుడు దేన్ని లోపల దాచాడో పట్టుకుని, దాన్ని ముందుకు తేవడమే ఇక్కడి కౌశలం. సాహిత్యం దాదాపు అలాగే ఉంటుంది, నడక మారుతుంది, దాంతో అర్థం బరువూ మారుతుంది.

ఆఫ్రికా బంబాటా, సోల్‌సోనిక్ ఫోర్స్ 1983లో చేసిన ‘రెనెగేడ్స్ ఆఫ్ ఫంక్’ అసలు డ్రమ్ మెషీన్ల పాట. అదే లయను రేజ్ డ్రమ్మర్ బ్రాడ్ విల్క్ చేతులతో వాయించాడు. టిమ్ కామర్‌ఫోర్డ్ బాస్ దాని కింద బిగువుగా నడుస్తుంది. థామస్ పెయిన్ నుంచి మాల్కమ్ ఎక్స్ దాకా తిరగబడ్డవాళ్ల పేర్లు ఆ నడక మీదే వస్తాయి. యంత్రం పలికిన లయలో మనిషి చెయ్యి పడితే ఎంత తేడా వస్తుందో వినాలంటే ఇది చాలు.

ఈ ఆల్బమ్ తర్వాత రేజ్ సభ్యులు మళ్లీ వేదికలెక్కారు కానీ స్టూడియోలో కొత్త ఆల్బమ్ చెయ్యలేదు. డిలాన్, ఎంసీ5, సైప్రస్ హిల్, మైనర్ థ్రెట్ పాటలూ ఇందులో ఉన్నాయి. జానపదం, రాక్, రాప్, పంక్ అన్నీ కలిసిన తమ వంశావళిని చివరికి పేరుపేరునా చెప్పి వెళ్లారు. పాట నేర్చుకునే కుర్రాళ్లకు నేను చెప్పేదొకటే: నచ్చిన పాటను ఉన్నదున్నట్టు దించే ముందు, అందులో ఇంకా పలకనిదేమిటో వెతకండి. అది దొరికితే ఆ పాట మీద మీకూ హక్కు ఉన్నట్టే.