ఒక్క ఒంట్లో తుఫాను

నాటకంలో ఓడ మునగాలంటే తెరలు కావాలి, నీలిగుడ్డ కావాలి, దాన్ని అటొకరు ఇటొకరు పట్టుకుని ఊపాలి. హరికథకు కథ చెప్పే దాసుగారొక్కరే చాలు. వెనక మృదంగం, వయొలిన్, హార్మోనియం ఉంటాయి గానీ ఓడ, గాలి, ఒడ్డున ఎదురుచూసే ఇల్లాలు అన్నీ ఆయన ఒంట్లోంచే రావాలి. ఊరూరా తిరిగే ఏకపాత్ర నాటకానికి మన పేరు హరికథే.

నెల్లూరు వైపున్న వాకాడు తీరంలో ఈ పని అంత సులువు కాదు. తూపిలిపాలెం, దుగరాజపట్నం మనుషులకు వాయుగుండమంటే ఏమిటో ఒకరు చెప్పక్కర్లేదు. 2004 డిసెంబర్ 26 సునామీ నెల్లూరు తీరాన్నీ తాకింది. రోజూ వేటకెళ్లే వాళ్ల ముందు దొంగ అల చూపిస్తే నవ్విపోతారు.

మనకు బాగా తెలిసిన ఓడ ప్రమాదం సత్యనారాయణ వ్రతకథలోది. చెరసాల నుంచి విడుదలై, సరుకంతా ఆకులూ అలములై మళ్లీ ధనమై, సాధువనే వర్తకుడు అల్లుడితో సొంత రేవుకు చేరతాడు. ఆ కబురు విని కూతురు కళావతి ప్రసాదం వదిలేసి పరుగెత్తుకొస్తుంది. ఆమె కళ్లెదుటే మొగుడున్న ఓడ మునిగిపోతుంది. నడిసముద్రం దాటొచ్చిన ఓడ ఇంటి ముంగిట మునగడం పురాణం వినేవాళ్లకు వింతగా ఉండొచ్చు. అలలు విరిగే చోట, ఏరు సముద్రంలో కలిసే చోట పడవ తిరగబడుతుందని తెలిసినవాళ్లకు అందులో వింతేముంది?

ఈ ఘట్టంలోనే దాసుగారి పనితనం తేలేది. నడుముకు బిగించిన ఉత్తరీయాన్ని విప్పి రెండు చేతులా ఎత్తితే తెరచాప, భుజాన వేసుకుంటే కళావతి పమిట. వచనం నింపాదిగా మొదలై ఊపిరి కుదించుకుంటూ పోతుంది. చిడతలు ఒక నడకలో, కాలి గజ్జెలు మరో నడకలో పడతాయి. రెండూ కలవక పోట్లాడుకుంటుంటే వినేవాడికి కాళ్లకింద నేల కదిలినట్టుంటుంది. ఆదిభట్ల నారాయణదాసు (1864-1945) చేతులు, కాళ్లు, తల ఆడిస్తూ ఏకకాలంలో అయిదు తాళాలు చూపేవారని చెబుతారు. దాన్ని అందరూ గారడీలా మెచ్చుకుంటారు. నాకు మాత్రం హరికథలో ఉప్పెన పుట్టేది అలాంటి సాధనలోంచే అనిపిస్తుంది.

గుండె చిక్కబట్టుకునే సమయానికి దాసుగారు పాత్రలోంచి బయటికొచ్చేస్తారు. "అప్పుడా తల్లి ఏమన్నదయ్యా అంటే..." అని మనవైపు తిరుగుతారు. అవసరమైతే ఓ పిట్టకథ చెప్పి నవ్విస్తారు, గోవింద నామం పలికిస్తారు. బిగబట్టిన ఊపిరి జనమంతా ఒక్కసారి వదులుతారు. మళ్లీ పాత్రలోకి దూకి ముఖారి రాగం అందుకుంటే, నవ్విన వాళ్లే కళ్లు తుడుచుకుంటారు. పిట్టకథ కాలక్షేపానికనుకునే వాళ్లు దాని పని గమనించలేదనే అంటాను.

ఇక నిజంగా జరిగిన కథకు వస్తే, 1955లో కొలంబియా నావికుడు వెలాస్కో, నౌక మీంచి అలల్లో పడి పది రోజులు తెప్ప మీద ఒంటరిగా బతికాడు. ఆ అనుభవాన్ని రచయిత గార్షియా మార్క్వెజ్ పత్రికలో అతని నోటి మాటగానే, 'నేను' అంటూ రాశాడు. ఆ 'నేను'కు తెప్ప మీంచి కనిపించేదే లోకం. దాసుగారికి ఆ కట్టుబాటు లేదు. మునిగేవాడి నోట మాట్లాడి, ఒక్క అడుగు పక్కకు వేసి ఒడ్డున ఏడ్చే మనిషి కాగలరు. బతికి బయటపడినవాడి కథలో ఇంటివాళ్ల పాలు కూడా ఉండాలంటే ఈ పద్ధతే మేలు.

గోదావరి ప్రాంతపు కపిలేశ్వరపురంలోని సర్వారాయ హరికథా పాఠశాల ఆడపిల్లలకు ఈ విద్య నేర్పుతూ వచ్చింది. అక్కడ చదివిన ఉమామహేశ్వరికి 2024లో పద్మశ్రీ వచ్చింది. అంతకు ముందు ఏడాది గుంటూరుకు చెందిన కోట సచ్చిదానందశాస్త్రికి ఇచ్చారు. బిరుదులకు కొదవ లేదు, కొదవంతా కథలకే. స్వాతంత్ర్యోద్యమంలో గాంధీ మీద హరికథలు చెప్పిన విద్య ఇది. 1977 దివిసీమ ఉప్పెన గానీ, సునామీ గానీ దానికి అంటరాని వస్తువులు కావు. రాసేవాళ్లు రాసి ఇస్తే, మొదటి కథ తూపిలిపాలెంలోనే చెప్పించాలి. తప్పులుంటే అక్కడే పట్టుకుంటారు.