వంగే బంపర్‌కు ఒదిగే రంగు

అంబాసిడర్ బంపర్ ఉక్కుది, పైన క్రోమ్ పూత. తర్వాత వచ్చిన కార్లతో ప్లాస్టిక్ బంపర్లు మన వీధులకు అలవాటయ్యాయి. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల రేకు మీద చేయి తిరిగిన పెయింటర్లకు అది కొత్త చదువు. రేకుకు వేసినట్టే బంపర్‌కూ వేస్తే రంగు పెచ్చులు పెచ్చులుగా లేచిపోతుంది.

తప్పు రంగుది కాదు. బంపర్లు ఎక్కువగా పాలీప్రొపిలీన్‌తో తయారవుతాయి. దానికి ఏదీ ఓ పట్టాన అంటుకోదు. పైగా ఎండకు సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది, చిన్న గుద్దు తగిలితే వంగి మళ్లీ నిలబడుతుంది. బిరుసెక్కిన రంగు ఆ కదలికకు తాళలేక పగులుతుంది.

అందుకే పని తెలిసినవాడు ముందు బంపర్ విప్పి వెనక్కి తిప్పి చూస్తాడు. పాలీప్రొపిలీన్ అయితే పీపీ అనో, మరో రకం ప్లాస్టిక్ అయితే ఏబీఎస్ అనో అచ్చు ఉంటుంది. అది కనబడకపోతే లోపలి అంచున చిన్న పెచ్చు గీకి నీళ్లలో వేస్తాడు. తేలితే సాధారణంగా పాలీప్రొపిలీనే, ఏబీఎస్ అయితే మునుగుతుంది.

తర్వాతది కడుగుడు. పాత బండికి ఏళ్ల తరబడి పూసిన పాలిష్‌లోని సిలికాన్ ఒంటికి పట్టి ఉంటుంది. సబ్బునీళ్లతో, ఆపైన మైనం, జిడ్డు తీసే ద్రావకంతో తుడిచాకే వాటర్ పేపర్ పట్టాలి. ముందే రుద్దితే సిలికాన్ గీతల్లోకి దిగి, రంగు వేశాక ఫిష్ ఐ గుంటలు తేలతాయి. రుద్దడమూ నెమ్మదిగానే. గట్టిగా అదిమితే ప్లాస్టిక్ నూగు లేస్తుంది.

పగుళ్లు పూడ్చడానికి రేకు పుట్టీ పనికిరాదు, ప్లాస్టిక్ కోసం చేసిన మెత్తని పుట్టీయే వాడాలి. ఆపైన ప్లాస్టిక్ ప్రైమర్ పలచగా ఒక పొర. రంగుకు పట్టు దొరికేది అక్కడే. తర్వాత వేసే ప్రైమర్‌లో, చివరి క్లియర్ కోట్‌లో పొర పగలకుండా వంగేలా చేసే ఫ్లెక్స్ అడిటివ్‌ను డబ్బా మీద రాసిన పాళ్లలో కలుపుతారు. పొర పొరకీ మధ్య థిన్నర్ ఆవిరయ్యేదాకా ఆగాలి. మందంగా కొట్టేస్తే పగులు ఖాయం. ఆరబెట్టేటప్పుడు బంపర్‌కు పొడవునా ఆసరా ఇవ్వాలి, లేకుంటే వేడికి మెత్తబడి వంకరపోతుంది.

రంగు గట్టిపడటానికి కలిపే హార్డనర్‌లోని ఐసోసయనేట్లు ఉబ్బసం తెచ్చిపెట్టగలవు. ముక్కుకు గుడ్డ కట్టుకుంటే సరిపోదు. గొట్టంతో శుభ్రమైన గాలి అందించే మాస్క్ ఉండాలి. ఆ ఖర్చు కూలీలో కలిసే ఉండాలని బండి యజమానులం మనమూ ఒప్పుకోవాలి.

ఇంత శ్రమ దేనికంటే, తయారీ ఆగిపోయిన మోడల్‌కు అసలు బంపర్ దొరకడం కష్టం. డూప్లికేట్ తెచ్చి బిగిస్తే బోల్టు రంధ్రాలు చాలాసార్లు కలవవు, సందులు కనిపిస్తాయి. బండితో పుట్టిన బంపర్ ఆ బండికే అతుకుతుంది. దాన్ని నిలబెట్టే పెయింటర్ ఒక యంత్రం ఆయుష్షు పెంచుతున్నాడు, ఒక ప్లాస్టిక్ ముక్కను చెత్తకుప్పకు పోకుండా ఆపుతున్నాడు. కాబట్టి షెడ్డుకు వెళ్లినప్పుడు ఏ రంగు వేస్తారని కాదు, రంగు కింద ఏం వేస్తారని అడగండి. దానికి పట్టే సమయం ఇవ్వండి, ఆ పనికి తగ్గ కూలీ ఇవ్వండి.